దోర్కా వదిన శనివారాలు

పాట మూడో చరణానికొచ్చింది. అంటే ఇంకా రెండున్నాయి, పాస్టరుగారికి ఊపొస్తే పల్లవి ఎన్నిసార్లు తిరుగుతుందో ఆయనకే తెలియదు, ఆ తర్వాత ప్రార్థన, ఆ తర్వాత వాక్యం, అదంతా అయ్యాక గానీ సాక్ష్యం రాదు, సాక్ష్యం అయ్యేదాకా దోర్కా వదిన నోట్లో ఏమీ పెట్టుకోదు. జెనీ అందరితోపాటు చప్పట్లు కొడుతూనే, ఎదురుగా గోడవార కుర్చీలో ఉన్న వదిన పై పెదవి వంకే చూస్తోంది. అక్కడ చెమట పట్టింది. పట్టదా మరి, మే నెల, పూరీ గేట్ అనే ఈ రైల్వే పేటలో ఇరుకింట్లో ఇంతమంది, ఉన్న ఒక్క టేబులు ఫ్యానూ పాస్టరుగారి మీదికే తిప్పారు, చిలకమ్మగారి జాకెట్టు వీపంతా తడిసిపోయింది, ఢోలక్ వాయిస్తున్న లూకాగారు మధ్యమధ్యలో భుజంతో చెంప తుడుచుకుంటున్నారు. అందరికీ పట్టిన చెమటే వదినకీ పట్టిందనుకుంటే ఎంత హాయి. కానీ అందరికీ మెడ మీదా వీపు మీదా పడుతోంది, వదినకి పెదవి మీదే పడుతోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. భక్తితో పట్టుకుందో వణుకు దాచడానికి పట్టుకుందో చూసేవాళ్ళకి తెలియదు. జెనీకి తెలుసు. ఆవిడ పొద్దుటినుంచీ ఏమీ తినలేదన్న సంగతి ఈ ఇంట్లో తెలిసింది జెనీ ఒక్కదానికే, తెలిసి కూడా కూర్చుని చప్పట్లు కొడుతోంది.

పొద్దున వంటింట్లో వదిన పళ్ళెంలో ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, పైన మూత కూడా పెట్టింది ఈగలు వాలకుండా. ఇదేమిటి వదినా తినలేదా అని అడిగితే వదిన తలుపు వైపు చూసి, తమ్ముడు, అంటే జెనీ మొగుడు రిచర్డ్, దగ్గర్లో లేడని చూసుకుని, గొంతు తగ్గించింది.

"నీ సాక్ష్యం ఇన్నాక తింతాను."

"మరి సుగర్ మాత్ర?"

"మాత్ర ఏసుకున్నాను. డాక్టరు మాట కాదంటే ఎలాగ? రిచర్డుకి సెప్పకు, ఆడు రంకెలేస్తాడు. ఇంకో మాట కూడా ఇను. నువ్వు సుకంగా తిరిగొచ్చినావు కదా, యేడు పొడుగునా శనివారాలు ఇలగే ఉంతానని మొక్కుకున్నాను. ఎవులికీ సెప్పకు. సెప్పేస్తే అది ఉపవాసం అవదు."

మాత్ర మానొద్దన్నాడు డాక్టరు, మంచిది, మానలేదు; అన్నం మానతానని దేవుడికి మాటిచ్చింది, అదీ తప్పలేదు; ఇద్దరికీ న్యాయం చేసి మధ్యలో తన ఒంటిని వదిలేసింది. చక్కెర జబ్బు మనిషి మాత్ర మింగి కడుపు మాడ్చుకుంటే ఏమవుతుందో ఈ ఇంటికి తెలియని సంగతి కాదు, ఆ కుర్చీ పక్కన నాలుగు కాళ్ళ వాకరు అందుకే నిలబడి ఉంది. రిచర్డ్‌కి చెప్పేద్దామని వీధి గుమ్మం దాకా వెళ్ళింది జెనీ. అతను చర్చి నుంచి తెచ్చిన కుర్చీలు విప్పుతున్నాడు, చెమటలు కారుతూ, సంతోషంగా. చెబితే అక్క మీద కేకలేస్తాడు, ఎందుకిలా చేస్తావంటాడు, జెనీ కోసమంటుంది అక్క, జెనీకి ఏమైందంటాడు, అక్కడ శనివారాలు కూడా గొడ్డులా చాకిరీ చేయించారు కదా అంటుంది, అప్పుడిద్దరూ జెనీ వైపు తిరుగుతారు. తిరిగినప్పుడు తన మొహం ఎలా ఉంటుందో జెనీకి తెలియదు. అందుకని కుర్చీలు తుడవడానికి గుడ్డ అందించి లోపలికొచ్చేసింది.

నాలుగో చరణం. ఈ పాట ఇంత పొడుగని ఎప్పుడూ తోచలేదు. ఈ కూడికంతా జెనీ కోసమే, ఆస్ట్రియా నుంచి తిరిగొచ్చి వారం అయింది. వీళ్ళలో అలవాటది, ఆస్పత్రి నుంచి బతికొచ్చినా, దూరప్రయాణం చేసి క్షేమంగా ఇల్లు చేరినా సంఘాన్ని ఇంటికి పిలిచి కృతజ్ఞత కూడిక పెడతారు, దేవుడు చేసిన మేలు ఆ మనిషే నిలబడి నోరారా చెప్పాలి, అదే సాక్ష్యం, ఆ తర్వాత అందరికీ పలావు. ఆస్పత్రి నుంచి వదిన వచ్చినప్పుడు మాత్రం కూడిక పెట్టలేదు. జెనీ వచ్చాక ఇద్దరికీ కలిపి పెడదాం అందిట ఆవిడే. రిచర్డ్‌కి తల్లి పోయిన నాటినుంచి ఎత్తుకు పెంచింది ఈ అక్కే, అతనికి అన్నం పెట్టి, రైల్వే బళ్ళో ఆయా పని చేసి, పెళ్ళి మాట తలపెట్టినవాళ్ళని గుమ్మంలోంచే పంపేసి. కోడలిగా వచ్చిన జెనీని కూడా అలాగే చూసుకుంది. హౌరా లోకల్ పట్టుకోవాలని జెనీ తెల్లారకుండా పరిగెడుతుంటే వెనకాలే వీధి చివరిదాకా వచ్చి టిఫిను డబ్బా చేతికిచ్చేది. ఆడపడుచంటే ఇలా ఉంటుందా అని ఆఫీసులో అమ్మాయిలు కుళ్ళుకునేవాళ్ళు. అలాంటి మనిషికి అబద్ధం చెప్పింది. అదీ పెద్ద అవసరమేమీ లేకుండా చెప్పింది.

రైలు సిగ్నళ్ళ సాఫ్ట్‌వేరు పరీక్షించే కంపెనీ వాళ్ళది, నవంబరులో లింజ్ అనే ఊరికి పంపారు, ఆరు నెలల పని. మొదటి శుక్రవారం రాత్రి ఫోనులో వదిన అడిగింది, ఆదివారం గుడికి ఎక్కడికెల్తావమ్మా, మనోళ్ళెవరైనా ఉన్నారా కనుక్కో అని. అప్పటికే మర్నాటికి జాల్జ్‌బుర్గ్ టికెట్ చేతిలో ఉంది, ఆఫీసులోని బెంగాలీ అమ్మాయిలిద్దరితో కలిసి. ఊరు చూడ్డానికి వెళుతున్నానంటే పోయేది. వదిన ఒక నిట్టూర్పు నిట్టూర్చి, జాగర్తమ్మా, ప్రార్థన మానకు అని ఊరుకునేది. ఆ నిట్టూర్పు వినలేక, ఆ కాస్త సుద్దులు తప్పించుకోవడానికి, "శని, ఆదివారాలు కూడా పని పెట్టేసినారు వదినా" అనేసింది జెనీ. నోటికొచ్చింది అనేసింది, అంతే. అయ్యో అంది వదిన, అవతల గొంతు నిజంగానే వణికింది. ఎవులమ్మా ఆ పెట్టినోడు అంది. మార్టిన్ అని మా పైనున్నాయన అంది జెనీ. ఆ మార్టిన్ శుక్రవారం మధ్యాహ్నం కాగానే వచ్చి చప్పట్లు చరిచి, ఇంక కంప్యూటర్లు కట్టేయండి, బయట లోకం ఉంది, వెళ్ళి చూడండి అని అందరినీ తరిమే మనిషి. ఏ ఊళ్ళో ఏం చూడాలో, ఏ సందులో మంచి కాఫీ దొరుకుతుందో చెప్పి పంపేవాడు. పాపం అతనికి పూరీ గేట్ అనే చోటొకటి ఉందనీ, అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని తన కఠిన హృదయం కోసం ఏడుస్తున్నారనీ తెలియదు.

పాట ఆగింది. పల్లవి మళ్ళీ ఎత్తుకోలేదు, దేవుడికి స్తోత్రం. పాస్టరుగారు కళ్ళు మూసుకుని చేతులెత్తారు, అందరూ తలలు వంచారు, జెనీ కూడా వంచింది కానీ కళ్ళు మూయలేదు, కనురెప్పల కిందినుంచి వదిన చేతులే చూస్తోంది. పరాయి దేశంలో మా సహోదరిని కాచిన తండ్రీ, విశ్రాంతి లేకుండా పనిచేయించిన ఆ మార్టిన్ అనే పైఅధికారి హృదయాన్ని నువ్వు మెత్తపరిచావు తండ్రీ, అతన్ని కూడా రక్షించు తండ్రీ. ఆమెన్, ఆమెన్ అంటున్నారు చుట్టూ. అందరికంటే గట్టిగా అనాల్సిన గొంతు వినబడలేదు. వదిన పెదవులు కదిలాయి, అంతే. ఇంకో సమయమైతే జెనీకి నవ్వాగేది కాదు, మార్టిన్ ఇక్కడుంటే తన హృదయం మెత్తబడ్డందుకు పలావు రెండుసార్లు వడ్డించుకునేవాడు.

జాల్జ్‌బుర్గ్‌లో వాన. సన్నటి చల్లటి వాన, రాళ్ళ వీధులు, కొండ మీద కోట, గొడుగు కూడా వేసుకోకుండా తడిసింది జెనీ, ముప్ఫై దాటాక మొదటిసారి ఒక శనివారం ఆమె చేతికొచ్చింది, ఎవరికీ వండక్కర్లేదు, ఎవరినీ చూడ్డానికి వెళ్ళక్కర్లేదు, ఎక్కడికి పోయావని అడిగే దిక్కులేదు. ఆ తర్వాత వియన్నా, వీధి నిండా క్రిస్మస్ దీపాలు, వేడివేడి పళ్ళరసంలో లవంగాల వాసన, అద్దాల హోటల్లో కూర్చుని చాక్లెట్ కేకు ముక్కని గంటసేపు కొరుక్కుతింది. ప్రాగ్‌లో తెల్లవారకముందే వంతెన మీదికెళ్ళారు, ఇంకా జనం రాలేదు, ఎవరో ముసలాయన అకార్డియన్ తీసి వేళ్ళు విరుచుకుంటున్నాడు చలికి, నది మీద పొగమంచు, బొగ్గుల మీద తిప్పి కాల్చి దాల్చినచెక్క పంచదార అద్దిన పిండివంట కాగితంలో చుట్టిస్తే చేతులు వెచ్చబడ్డాయి. పెద్ద పాత చర్చి ఒకటి తెరిచి ఉంటే లోపలికెళ్ళి చివరి బల్ల మీద కూర్చుంది, ప్రార్థన చేద్దామనుకుంది కూడా, చేతిలో ఆ పిండివంట వేడిగా ఉంది, ముందు అది తిందాం అనుకుంది. తింది. చాలా బావుంది. అంత బావుండటం తన జీవితంలో ఇంకెప్పుడూ లేదు, అదే ఇప్పుడు గుచ్చుతోంది. ఏదో ఒక శనివారం కాస్త విసుగ్గా, కాస్త దిగులుగా గడిచి ఉంటే ఇవాళ ఇంత బాధ ఉండేది కాదేమో. ఆమె కేకు తిన్న గంటలో ఇక్కడ వదిన మంచినీళ్ళతో సరిపెట్టుకుంది. పిండివంట తిన్న పూట ఇక్కడ వదిన తమ్ముడికి చేపల పులుసు వండి, రుచి చూడకుండా దించింది. జెనీకి ఆ సంగతి అప్పుడు తెలియదు. తెలియదు కదా అని ఎన్నిసార్లు తనకి తాను చెప్పుకున్నా నమ్మడానికి లోపల ఎవరూ లేరు.

వాక్యం మొదలైంది. పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని, పరదేశంలో ఉన్నా విశ్వాసం విడవనివాళ్ళ గురించి చెబుతున్నారు, చెబుతూ మధ్యమధ్య జెనీ వంక మెచ్చుకోలుగా చూస్తున్నారు. ఆ చూపు పడ్డప్పుడల్లా జెనీ చీర కొంగు సర్దుకుంటోంది. వదిన కళ్ళు మూసుకుంది. వింటోందా, నిద్రా, లేక అదేనా? ఆ రోజు గోల్‌బజార్‌లో కూడా ముందు ఇలాగే కళ్ళు మూసుకుందిట, చేపలమ్మే బెంగాలీ దాదా తూకం వేస్తూ చూశాడుట, దీదీ ఎండకి సొమ్మసిల్లిందనుకున్నాడుట, అనుకునేలోపే తడిరాళ్ళ మీద పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. మార్చి నెల, శనివారం. జెనీ ఆ సమయానికి బుడాపెస్ట్ వెళ్ళే రైల్లో కిటికీ పక్కన ఉంది, ఫోను వణికింది, రిచర్డ్ పేరు కనబడింది, ఆ పూట శనివారం ప్రార్థన ఫోనులో చేయిస్తారు కదా, మళ్ళీ పని అని చెప్పాలి, చెప్పేటప్పుడు వెనకాల రైలు చప్పుడు వినబడుతుంది, ఎందుకొచ్చిన గొడవ అని ఫోను బోర్లించింది. మళ్ళీ వణికింది. మళ్ళీ బోర్లించింది. సాయంత్రం పడవెక్కారు, నదికి రెండువైపులా దీపాలు వెలిగాయి, ఒక అమ్మాయి ఫొటో తీస్తానంటే జెనీ జుట్టు సర్దుకుని నవ్వింది. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, తీసేయడానికి చెయ్యి రాలేదు, ఎందుకంటే అందులో ఆమె నిజంగానే నవ్వుతోంది.

ఆదివారం రాత్రి గదికి చేరాక ఫోను చేసింది, ఇప్పుడే పని నుంచి వచ్చానండీ అని. రిచర్డ్ ఏడుస్తున్నాడు. అక్కకి ఆపరేషను, ప్రాణానికి ఫరవాలేదు, సుగర్ పడిపోయిందిట, శనివారం శనివారం నీ కోసం ఉపవాసం ఉంటోందిట, మాకెవరికీ చెప్పలేదు, ఇంకోసారి ఇలా చేస్తే దక్కదన్నాడు డాక్టరు అని చెప్పి, "నువ్వు పనిలో ఉంతావని తెల్సు, అందుకే మరి సెయ్యలేదు, ఇసుక్కోకు" అన్నాడు. ఇసుక్కోకు అన్నాడు. వచ్చేస్తానంది జెనీ. వద్దు, అంత కష్టపడి నిలబెట్టుకున్న ఉద్యోగం, ఆ మార్టిన్ ఊరుకుంటాడా అన్నాడు. అబద్ధం తిరిగి తిరిగి వచ్చి తలుపు గడియ వేసేసింది. సరేనంది. రెండు శనివారాలు గదిలోంచి కదల్లేదు. మూడో వారం మళ్ళీ వెళ్ళింది. గదిలో కూర్చుని ఏడిస్తే అక్కడ ఎముక అతుక్కుంటుందా అని తనతో తాను వాదించి, గెలిచి, రైలెక్కింది. ఆ మూడో వారం సంగతి ఒక్కటి ఎవరికైనా ఎప్పటికైనా చెప్పగలనా అనుకుంటుంది జెనీ. మొదటి అబద్ధం ఇంత దూరం పోతుందని తెలియక ఆడింది, అది ఏదోలా క్షమించవచ్చు. ఈ మూడో వారం అన్నీ తెలిసి వెళ్ళింది.

ఇప్పుడు లేచి నిలబడి ఏమి చెప్పాలి? మామూలు సాక్ష్యం చెబితే అయిదు నిమిషాల్లో అయిపోతుంది, దేవుడు కాచాడు, మీ ప్రార్థనల వల్లే అని, గొంతు కాస్త పూడుకుపోతే మరీ మంచిది, అందరూ స్తోత్రం అంటారు, వదిన ఇవాళ్టికి అన్నం తింటుంది. వచ్చే శనివారం మళ్ళీ మూత పెట్టిన పళ్ళెం. ఆ వచ్చే శనివారం జెనీ హౌరా లోకల్లో ఉంటుంది, రిచర్డ్ వర్క్‌షాపులో ఉంటాడు. ఒక యేడాదిలో శనివారాలు ఎన్నో లెక్కపెట్టబోయి మానేసింది. నిజం చెబితే? చిలకమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు, రేపు చర్చిలో ఆడవాళ్ళ వరుస అంతా జరిగి కూర్చుంటుంది, రిచర్డ్ అందరి ముందూ తల దించుకుంటాడు. అదంతా పడొచ్చు. వదిన సంగతే పడలేనిది. ఆవిడ నొప్పిని ఇన్నాళ్ళూ జెనీ కోసం అనుకుని ఓర్చుకుంది, ఆస్పత్రి మంచం మీద కూడా నా బిడ్డకి అక్కడ పని బరువు తగ్గుంటాదిలే అందిట. ఆ మాట ఆవిడ దగ్గర్నుంచి లాక్కుంటే ఇంక మిగిలేది విరిగిన ఎముకే. ఉన్నది చెప్పకపోతే ప్రాణం పోతుంది, చెబితే ఆ ప్రాణాన్ని పట్టుకుని ఉన్నదేదో పోతుంది, ఎటు చూసినా చేసింది తనే.

వదిన తల ఒక పక్కకి ఒరిగింది. కొంచెమే. మళ్ళీ నిలబెట్టుకుంది. చేతులు విడిపోయాయి, వేళ్ళు దేన్నో వెతుకుతున్నట్టు చీర కుచ్చిళ్ళ మీద కదిలాయి.

జెనీ లేచింది. పాస్టరుగారు మాట మధ్యలో ఆగి మళ్ళీ అందుకున్నారు. మోకాళ్ళు తగులుకుంటూ, చెప్పులు తొక్కుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది, అతిథుల కోసం తెచ్చిన రసగుల్లాల కుండ మూత తీసి చిన్న గిన్నెలోకి పాకం వంపింది, కొంత గట్టు మీద ఒలికింది, చెంచా దొరకలేదు, దొరికింది. తిరిగొచ్చి అందరి మధ్యా వదిన కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. రిచర్డ్ అవతలి గుమ్మంలోంచి ఏమిటన్నట్టు కనుబొమలెగరేశాడు.

"వదినా, ఇది నోట్లో ఏసుకోండి."

వదిన కళ్ళు తెరిచింది, చూపు నిలబడడానికి కొంచెం సేపు పట్టింది. "అవ్వనేదు కదే నీ సాక్ష్యం" అంది, నాలుక తడబడుతూ.

జెనీ మోకాళ్ళ మీద లేచి ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టింది. కొబ్బరినూనె వాసన, విబూదిలా తెల్లగా అద్దుకున్న పౌడరు వాసన. "శని, ఆదివారాలు నాకు పని లేదు వదినా. ఒక్క వారం కూడా లేదు. మీకు అబద్ధం సెప్పినాను. ఊళ్ళు తిరిగినాను. మీరు పడిపోయిన రోజు కూడా తిరగడానికే ఎల్లినాను, రిచర్డ్ ఫోను సేస్తే తియ్యలేదు. మీకు ఇలాగైందని తెల్సినాక కూడా ఎల్లినాను. ఆ మార్టిన్ మంచోడు. ఉపవాసం ఉండడానికి ఏమీ లేదు వదినా, ఎప్పుడూ లేదు. ఇంక ఉండకండి."

ఫ్యాను తిరుగుతోంది, పాస్టరుగారి గొంతు ఎక్కడో పైనుంచి వినబడుతోంది. వదిన చెయ్యి పైకి లేస్తే కొడుతుందనుకుంది జెనీ, కొడితే బావుండును అనుకుంది కూడా. ఆ చెయ్యి పెదవి మీద చెమట తుడుచుకుని కిందికి దిగింది.

"మరి నా ఆకలి ఎవులికి పోనాదే?" అంది వదిన.

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది, జెనీకి తెలిసి ఉంటుందేమో అన్నట్టు మొహంలోకి చూసింది. జెనీ చెంచా ముందుకి పెట్టింది, పాకం కొంత వదిన చీర మీద పడింది. వదిన నోరు తెరిచింది. ఒక చెంచా, ఇంకొకటి. ఎన్నేళ్ళుగానో తీపి ఎరగని నోరు, మింగడానికి కష్టపడుతున్నట్టు గొంతు కదిలింది. జెనీ కొంగుతో ఆవిడ గడ్డం తుడవబోతే మొహం పక్కకి తిప్పుకుంది, గిన్నె జెనీ చేతిలోంచి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని తనే తాగింది.

వాక్యం ముగిసింది. "ఇప్పుడు మన సిస్టర్ జెనీ దేవుడు చేసిన మేలుల గురించి సాక్ష్యం చెబుతారు" అన్నారు పాస్టరుగారు, అందరి తలలూ ఇటు తిరిగాయి, నేల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న జెనీని చూసి చిలకమ్మగారు అప్పుడే స్తోత్రం అనేశారు. జెనీ లేవడానికి నేల మీద చెయ్యి ఆనించింది. చెప్పేద్దాం, అందరికీ చెప్పేద్దాం, ఇంక దాచేదేముంది. వదిన చెయ్యి ఆమె భుజం మీద పడింది, బరువుగా, లేవనీకుండా.

"అయిపోనాది అయ్యగారూ" అంది వదిన, గొంతు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. "నాకు సెప్పినాది. నాకు సెప్తే సాలు. ప్రార్థన సేసి అన్నాలు ఎట్టించండి, నాకు ఆకలేస్తన్నాది."

జనంలో చిన్న నవ్వు పుట్టింది, పాస్టరుగారు కూడా నవ్వి చేతులెత్తారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. జెనీ మూసుకోలేదు, వదిన మొహం వంకే చూస్తూ ఉండిపోయింది, ఒక్కసారి ఇటు చూస్తుందేమోనని. వదిన చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, ఖాళీ గిన్నె మాత్రం ఆమె వైపు చాచి పట్టుకుంది, ఇంకొంచెం తెమ్మని.